ఆమని దిగిన నేల

మేడ్చల్‌లో టీచర్లకు రెండు రోజులు శిక్షణ పెట్టి, పాతకాలపు ఆటలతో పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పమని చెప్పి పంపారు. నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం, ఇంకా నోరు తిరగని మాటలు ఏవేవో బోర్డు మీద రాశారు. రోజీ టీచర్ అవన్నీ విని, మధ్యాహ్నం పెట్టిన పులిహోర తిని, స్కూటీ మీద లాల్‌గడి మలక్‌పేట్ బడికి తిరిగొచ్చింది. ఆ పెద్ద మాటలేవీ ఆమె తలకెక్కలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. రెండో తరగతి ఆమని నోరు తెరవాలి.

ఆమని మొండిదీ కాదు, మొద్దూ కాదు. తండ్రి తాగొచ్చి ఇంట్లో వీరంగం వేసే పూటల్లో అవ్వ ఆ పిల్లను మూలన కూర్చోబెట్టి "కదలకు బిడ్డా" అని నేర్పింది. ఆ ఒక్క పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది. బడిలో దాహమైనా అడగదు. ఒకసారి బయటికి పోతానని అడగలేక, కూర్చున్నచోటే గౌను తడుపుకుంది. ఆ గౌను పిండి ఆరేస్తూ రోజీ, దీనికి ఎక్కాలు రాకపోయినా సరే, అడగడం వస్తే చాలు దేవా అనుకుంది.

అందుకే నేల-బండ ఆట పెట్టింది. బడి పక్కన ఖాళీ జాగా, అందులో అక్కడక్కడా బండలు. పట్టేవాడు నేల కోరుకుంటే ఆ నేలంతా వాడిదే. మిగతావాళ్ళు బండలెక్కాలి. కానీ అందరూ బండ మీదే నిలబడితే ఇక ఆటేముంది? దిగాలి, "నీ నేల మీదున్న!" అని వాణ్ణి ఉడికించాలి, అందకుండా మళ్ళీ ఎక్కాలి. పిల్లలు జాగా అంతా గోలగోల చేసేవారు. ఆమని మాత్రం బండెక్కిందంటే బెల్లు కొట్టేదాకా దిగేది కాదు.

"దిగు బిడ్డా, ఏం గాదు. నేనున్న గదా," అని రోజీ రోజూ చెప్పేది. దసరా పోయింది, క్రిస్మస్ పోయింది. ఆమని బండ అంచుదాకా వచ్చి ఆగిపోయేది.

చలి తగ్గేసరికి ఆ జాగాలో హద్దురాళ్ళు పాతారు. జాగా ఊళ్ళో పెద్ద ఆసామి జనార్ధన్ వాళ్ళది. ఆయన తాత, పిల్లలు ఆడుకుంటారులే అని వదిలేశాడు. మనవడికి ఇప్పుడు ప్లాట్లు కావలసొచ్చాయి. చెడ్డవాడు అనడానికీ లేదు. బడికి బోరు వేయించింది ఆయనే, గోడలకు రంగులు వేయించిందీ ఆయనే. పైగా ఆయన మాటంటే మండల ఆఫీసులో వింటారు. రోజీ నోరెత్తలేదు. పిల్లలకైతే సున్నం పూసిన పొట్టి రాళ్ళు చూసి పండగే. బండలు పెరిగాయని సంబరపడ్డారు.

ఆ శుక్రవారం ఆట మధ్యలో కారు వచ్చి ఆగింది. జనార్ధన్ దిగాడు. వెంట, ప్లాటు చూడటానికి కొంపల్లి నుంచి వచ్చిన భార్యాభర్తలు.

"మేడమ్, జర పిల్లలను లోపటికి తోలుకపోండ్రి. పార్టీవాళ్ళు వచ్చిండ్రు," అన్నాడు మర్యాదగానే. తర్వాత వాళ్ళవైపు తిరిగి చెయ్యి చాచాడు. "గా గోడ కాడికెల్లి గీ రాళ్ళ దాకా నేలంతా మనదే."

ఆమని ఆ మాట వింది. నేలంతా తనదే అన్నవాడు ఆటలో పట్టేవాడు. ఆ పిల్లకు తెలిసిన లెక్క అంతే. మిగతావాళ్ళు బడివైపు నడుస్తుంటే, ఆమని బండ దిగింది. రెండు పాదాలూ నేలకు ఆనించి, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో తెలియని గొంతుతో, "నీ నేల మీదున్న! నీ నేల మీదున్న!" అని జనార్ధన్ ముందు ఎగిరింది.

రోజీకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వచ్చినావిడ నవ్వబోయి భర్త ముఖం చూసి ఆగింది. జనార్ధన్ పిల్లవైపు చూడనైనా చూడలేదు. టీచర్‌ను చూశాడు.

"గిదేనా మేడమ్ మీరు నేర్పుతున్నది?"

చెప్పాల్సిన మాట రోజీకి తెలుసు. అవును సార్, ఇదే నేర్పుతున్న అనాలి. కానీ బోరు గుర్తొచ్చింది, మండల ఆఫీసు గుర్తొచ్చింది, బదిలీ చేయిస్తే ఇంటికి దగ్గరున్న ఈ బడి చేజారుతుందేమోనని భయం పట్టుకుంది.

"ఆమనీ! బండెక్కు! దిగొద్దని జెప్పలేదా నీకు?" అని అరిచింది.

పచ్చి అబద్ధం. ఆ మాట ఆమె ఏనాడూ చెప్పలేదు. అయినా ఆమని ఎదురు చెప్పకుండా గబగబా బండెక్కి, చేతులు కట్టుకుని నిలబడింది. రోజీ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాకా కదల్లేదు.

సోమవారానికి జాగా చుట్టూ కంచె పడింది. రోజీ ఆటను బడి ముందుకు మార్చింది. వరండా మెట్లే బండ, వాటి ముందున్న కాస్త మట్టే నేల. పిల్లలు దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఆమని పైమెట్టు మీద నిలబడి ఉంది. ఆ పిల్ల ముఖం చూడటానికి రోజీకి సిగ్గేసింది. అయినా దగ్గరికెళ్ళి, "దిగు బిడ్డా, ఏం గాదు," అంది.

ఆమని కిందికి చూసింది. తర్వాత టీచర్ ముఖంలోకి చూసింది. రోజీ కోరుకున్నట్టే, బడిలో చేరాక మొదటిసారి, తనంతట తాను ఒక మాట అడిగింది.

"గిది ఎవల నేల టీచర్?"

మనదే బిడ్డా అనబోయింది రోజీ. చూపు జనార్ధన్ రంగులు వేయించిన గోడ మీదికి పోయింది. ఆమని కాసేపు ఎదురుచూసి, మెట్టు మీదే కూర్చుంది.