ప్లీడరమ్మను బయటికి పంపిన తీర్మానం

ఇంట్లోనూ పార్టీలోనూ అందరూ అతన్ని రేడియో అనేవారు, నోరు తెరిస్తే ఆపడు కాబట్టి. ఆ నోటితోనే గెలిచి శాసనసభకు వచ్చాడు. తీరా మొదటిసారి సభలో మాట్లాడటానికి లేచేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. సొంత పాలకపక్షం వాళ్లే కిసుక్కున నవ్వారు. అప్పుడు ప్రతిపక్షం వరసలోంచి, లాయరు కావడంతో అందరూ ప్లీడరమ్మ అనే ఆవిడ లేచి, అక్కర్లేని నియమమేదో ఎత్తి స్పీకరుతో వాదనకు దిగింది. ఆ సందులో అతను నాలుగు గుక్కల నీళ్లు తాగి, మాట అందుకున్నాడు. తన పరువు కాపాడటానికే ఆవిడ అలా చేసిందని అతనికి తెలుసు.

ఆ తర్వాత రెండేళ్లకు ఒక బిల్లు వచ్చింది. రాత్రి షిఫ్టు చేసే ఆడవాళ్లను వ్యానులో ఇంటి దగ్గర దింపాలన్న నిబంధనను ఫ్యాక్టరీ యజమానుల మీదనుంచి ఎత్తేసే బిల్లు. చర్చ లేకుండా కానిచ్చేద్దామని ప్రభుత్వం చూస్తే, ప్లీడరమ్మ వెళ్లి స్పీకరు ముందు నిలబడి కదలనంది. పార్టీ విప్ వచ్చి రేడియో చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"ఆవిణ్ణి సమావేశాలయ్యేదాకా సస్పెండ్ చేయాలని తీర్మానం. నువ్వు చదువు."

"నేనా? ఇంకెవరితోనైనా..."

"నీ గొంతు బాగుంటుందయ్యా. రేపు మంత్రి పదవులు పంచేటప్పుడు పైవాళ్లకు గుర్తుంటుంది."

రేడియో తలెత్తకుండా చదివేశాడు. "అవును" అని అతని పక్షమంతా ఒక్కసారిగా అరిచింది. మార్షల్స్ దగ్గరికొస్తే ప్లీడరమ్మ, "చెయ్యి వెయ్యకండి, నడవగలను" అంది. పోతూ పోతూ అతని సీటు దగ్గర ఆగింది.

"ఈసారి నాలుక పిడచగట్టలేదు బాబూ. బాగా చదివావు."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. ప్రతిపక్షమంతా ఆవిడ వెనకే వెళ్లిపోయింది. ఖాళీ బెంచీల ఎదుట బిల్లు చిటికెలో పాసైపోయింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి చెల్లెలు డబ్బా సర్దుకుంటోంది. ఆమెది బట్టల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.

"వచ్చే నెలనుంచి వ్యాను రాదట కదా, అన్నయ్యా."

"నీకేం భయం? మన కారు పంపిస్తాగా."

"మా లైన్లో వాళ్లందరికీ పంపుతావా?"

ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అతని కంచంలో అన్నం అలాగే ఆరిపోయింది.

తెల్లారగానే ప్లీడరమ్మ ఇంటికి వెళ్లాడు.

"తప్పయిపోయిందమ్మా."

ఆవిడ కూర్చోమంది గానీ, ముఖం మెత్తబడలేదు. "నాకు చెప్తే ఏం లాభం? నన్ను గెంటింది ఇక్కడ కాదుగా."

ఆ రోజే సభలో లేచి, ఆవిడ సస్పెన్షన్ ఎత్తేసి, బిల్లును మళ్లీ చర్చకు పెట్టాలని కోరాడు. ప్రతిపక్షం ఇంకా సభకు రావడం లేదు కాబట్టి, స్పీకరు ఓటుకు పెడితే "అవును" అన్నది అతనొక్కడే. "కాదు" అన్న కేకకు కప్పు ఎగిరిపోయేలా ఉంది. బయటికొచ్చేలోపే పార్టీ అతన్ని వెలేసింది. విలేకరులు చుట్టుముట్టి ధైర్యవంతుడన్నారు. అతను ఎక్కడో ఒకచోట దాక్కుంటే బాగుండుననుకున్నాడు.

చట్టం చట్టంగానే ఉండిపోయింది. చెల్లెలు అన్న కారు ఎక్కనని మొండికేసి, జీతం తక్కువైనా పగటి షిఫ్టుకు మారింది. అందరికీ ఆ వీల్లేకపోయింది. మిగిలినవాళ్లు గుంపుగా నడిచి ఇళ్లకు చేరుతున్నారు.

ఒక ఆదివారం చెల్లెలితో పనిచేసే ఒకావిడ వాళ్లింటికి వచ్చింది. రేడియోను చూడగానే అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మా కోసం లేచింది మీరొక్కరేనటగా బాబూ. ఆ ప్లీడరమ్మను ఎవడో గెంటించకపోతే మాకు ఇంత కర్మ పట్టేది కాదు."

చెల్లెలు ముఖం తిప్పుకుంది. ఊరుకుంటే ఆ మాట అక్కడితో ముగిసిపోయేది.

"గెంటించింది నేనేనమ్మా" అన్నాడు రేడియో.

ఆవిడ మెల్లగా అతని చేతులు వదిలేసింది.