కొంగలు దిగని గట్టు

నా బిడ్డ తింటూ తింటూ నా కళ్లముందే ఒరిగిపోతుందేమో, ఆ ముద్ద పెట్టింది మా ఇంటి చెయ్యే అవుతుందేమో. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. ఇది ఉత్త భయం కాదు. నిరుడు డిసెంబరులో ఒక బుధవారం ఇందులో సగం మా ఇంట్లో జరిగింది. మిగతా సగం జరగలేదు కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాని మిరపకోతలకు వెళ్లినదాన్ని. పెద్ద మాటలు నాకు రావు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా పేట మురుగు కాలువకు ఆఖరున ఉంటుంది. ఎగువన ఉన్న ఊళ్ల మిరప, పత్తి చేల నీళ్లన్నీ అందులో పడి, మా ఇళ్ల పక్కనుంచి పర్ర మీదుగా సముద్రంలో కలుస్తాయి. పర్ర అంటే పోటుకు మునిగి ఆటుకు తేలే ఉప్పునేల. చలికాలం వచ్చిందంటే అక్కడ కొంగలు, ఉల్లంకి పిట్టలు, గూడబాతులు నేల కనపడనంతగా దిగుతాయి.

ఏటా రెండు మూడుసార్లు పోటు గట్టిగా ఉన్నప్పుడు సముద్రపు నీరు కాలువలోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పుకు మంచినీటి చేపలు తట్టుకోలేవు. పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వల అక్కర్లేదు, చేత్తో పట్టుకోవచ్చు. ఎవరో ఒకరు 'పోటు తగిలిందే' అని కేక వేస్తే చాలు, పేటంతా గంపలతో పరుగెత్తుతుంది. మా అత్త చిన్నప్పటినుంచీ అలా పట్టి తెచ్చినవి తింటూనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఆ బుధవారం పొద్దున్న కేక వినపడగానే మేమూ పరుగెత్తాం.

చేపలు అంతకుముందు ఎప్పుడూ చూడనన్ని తేలాయి. కొరమీనులు, జెల్లలు, గుప్పెళ్లకొద్దీ పరిగెలు. మా అత్త అంకమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి మోకాలి లోతుకు దిగింది. గంట తిరక్కుండానే గంప నిండింది.

"ఏమే షారోనూ, ఈ గంప నేను పట్టుకెళ్లి కడిగి పొయ్యి మీద పెడతా. నువ్వు ఇంకో గంపెడు పట్టుకురా. ఇషాక్ మధ్యాన్నానికి చేలోంచి వచ్చేస్తాడు" అంది. ఇషాక్ మా ఆయన, ఎగువ చేలల్లో కూలికి వెళతాడు.

మూడేళ్ల నా కూతురు ఆరాధన నాయనమ్మ కొంగు పట్టుకుని వెళ్లిపోయింది. చేప గుడ్లు వేయించి ముందుగా మనవరాలికి పెట్టడం మా అత్తకు అలవాటు.

వాళ్లు వెళ్లిన కాసేపటికి బాతుల యలమందయ్య వచ్చాడు. కోతలైన పొలాల్లో బాతుల్ని మేపుకుంటూ ఊరూరా తిరిగే మనిషి. ఏటా ఆ రోజుల్లో మా పేట దగ్గర దిగుతాడు. నాలుగు వందల బాతులు నీళ్లను చూసి ఆత్రంగా గట్టు దిగబోతుంటే ఆయన పొడుగాటి కర్ర అడ్డంపెట్టి ఆపేశాడు. ఆపి, ఆకాశం వంకా గట్టు వంకా చూస్తూ నిలబడ్డాడు.

మా పక్కింటి సుబ్బరావమ్మ ఊరుకోలేదు. "ఏం బాబాయ్, నీ బాతులు రాజుగారి బాతులా? మా కాలువలో దిగితే మైలపడతాయా?"

"రాజుగారివి కాదు కాబట్టే భయం. ఇవి పోతే నాకింకేం లేదు" అన్నాడాయన. "ఎవరమ్మా ఇది పోటు తగిలిందన్నది?"

"కనపడట్లా? ఇన్ని చేపలు తేలితే."

"చేపలు కనపడుతున్నయ్. కొంగలేవి?"

ఆయన కర్రతో గట్టు పొడుగూతా చూపించాడు.

"పోటు తగిలి చేప తేలితే మీకంటే ముందు కొంగ రావాలి. మీ కాళ్ల మధ్యలోంచి ఎత్తుకుపోవాలి. నలభై ఏళ్లుగా నేను కొంగ దిగిందో లేదో చూసుకునే బాతుల్ని దించుతున్నా. ఇయ్యాల ఇంత కూడు పరిచిపెడితే ఒక్క కొంగా లేదు, నీటికాకీ లేదు. నాలుగు రోజుల కిందట కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉల్లంకులు రెక్కలు పరుచుకుని పడున్నయ్. ప్రాణం ఉంది, లేవలేవు. నోట్లోంచి సొంగ కారుతోంది. ఇది ఉప్పు కాదమ్మాయ్, పురుగుమందు. పారబోయండి."

"ముసలోడికి చాదస్తం" అని సుబ్బరావమ్మ నవ్వబోయింది కానీ గంపలోకి పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను గంప అక్కడే వదిలేశాను. చేపలు తేలిన చోటు నుంచి మా ఇల్లు అర కిలోమీటరు ఉంటుంది. ఎలా పరుగెత్తానో తెలియదు. దారిలో ఎదురైన ప్రతి ఇంటికీ 'తినొద్దు, తినొద్దు' అని అరిచానట. సుబ్బరావమ్మ తర్వాత చెబితే తెలిసింది.

ఇంటికి వెళ్లేసరికి పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. ఆరాధన గడపలో కూర్చుని ఖాళీ గిన్నె నాకుతోంది.

"గుడ్లు మొత్తం తినేసిందే నీ కూతురు. నాక్కూడా మిగల్చలా" అని మా అత్త ముచ్చటగా చెప్పింది.

నేను పిల్ల నోట్లో వేలు పెట్టి కక్కించబోయాను. అత్త అడ్డం వచ్చింది. నేను చెప్పాను. ఆమె నమ్మలేదు. "పుట్టినప్పటినుంచీ తింటున్నా" అంటూనే ఉంది. ఇలా వాదించుకుంటున్నంతలో ఆరాధన చొక్కా ముందంతా తడిసిపోయింది. ఏమిటా అని చూస్తే సొంగ. "నిలబడమ్మా" అంటే నిలబడింది. రెండడుగులు వేసి కాళ్లు మడతపడి కూర్చుండిపోయింది. పేరు పెట్టి పిలిస్తే నావైపు తిరగలేదు.

ఫోన్ చేస్తే ఇషాక్ మందు కొట్టే బట్టలతోనే బండి మీద వచ్చాడు. ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల కళ్లలోకి లైటు వేసి చూసి నావైపు తిరిగి అడిగిన మొదటి మాట, "మందు నువ్వు పట్టించావా?"

అక్కడి వాళ్లు నా వైపు ఎలా చూశారో నేను చచ్చేదాకా మర్చిపోను. ఆవిడ తప్పు లేదు. ఇంట్లో గొడవపడి పిల్లలకు పురుగుమందు పట్టించి తామూ తాగే తల్లుల్ని ఆవిడ చూసే ఉంటుంది. పట్టించకపోయినా పిల్ల ఒంట్లోకి మందు వస్తుందని నాకు మాత్రం ఏం తెలుసు? చేపల సంగతి చెబితే ఎప్పుడు తిన్నదో, ఎంత తిన్నదో అడిగింది. తర్వాత సూది మందు తెప్పించింది.

మూడు రోజులు ఉన్నాం. పేటలో మరో ఇద్దరు పెద్దవాళ్లు వాంతులతో వచ్చి సెలైను పెట్టించుకుని వెళ్లారు. రెండో రోజు సాయంత్రం ఆరాధన "అమ్మా, నీళ్లు" అంది. వరండాలో ఉన్న ఇషాక్‌కు చెబుదామని వెళ్లాను. సంతోషపడతాడనుకున్నాను. అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"మంగళారం సాయంత్రం మందు కలిపిన డ్రమ్ము కడిగింది నేనే షారోనూ" అన్నాడు. "కాలవలోనే కడిగా. మిగిలిన మందు అక్కడే ఒంపేశా."

"నువ్వొక్కడివే కడిగావా?"

"అందరూ కడుగుతారు. మిరపకు ఆ నల్లతామర పురుగు వచ్చిన కాణ్ణించి రెండు మూడు మందులు కలిపి నాలుగు రోజులకోసారి కొట్టిస్తున్నారుగా. పారే నీళ్లు, సముద్రంలోకి పోతయ్‌లే అనుకునేవాణ్ణి. మధ్యలో మన ఇల్లుందని అనుకోలా."

డ్రమ్ము ఎక్కడ కడగాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మందు కొనిచ్చిన రైతూ చెప్పలేదు, అమ్మిన కొట్టువాడూ చెప్పలేదు. ఏ మందు ఎంత కలపాలో మాత్రం చెప్పారు.

మేం ఇంటికి వచ్చిన వారానికి యలమందయ్య ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు బిందుమాధవి. చదువుకుంటూ, నెలకోసారి పర్ర మీద పిట్టల్ని లెక్కపెట్టే పిల్ల. చచ్చిన ఉల్లంకుల్ని ఐసుపెట్టెలో పెట్టుకుంది.

నాకు కోపం వచ్చింది. "మా పిల్ల చావుబతుకుల్లో ఉంటే ఎవరూ రాలేదు. పిట్టల కోసం వచ్చారా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. మా గడపలోనే కూర్చుని చెప్పింది. "పిట్టల కోసం కాదక్కా. నీళ్లు సీసాలో పట్టి పంపిస్తే ఆ ఒక్కరోజు సంగతే తెలుస్తుంది. మందు ఒంపిన నీళ్లు మర్నాటికి వెళ్లిపోతాయి. ఈ పిట్ట మాత్రం చలికాలమంతా ఇక్కడి బురదలోనే తింటుంది. వేరే ఊరి బజారుకెళ్లి కొనుక్కోలేదు కదా. అందుకే ఈ నీళ్లలో ఏముందో దాని ఒంట్లో ముందు బయటపడుతుంది. రెండేళ్లుగా మొగ దగ్గర పిట్టలు తగ్గుతున్నాయని అధికారులకు రాస్తూనే ఉన్నా. పిట్టలే కదా అన్నారు. మీరు కూడా ఇక్కడే తింటారని ఎవరూ అనుకోలేదు. పిట్ట తర్వాత వరస మీదేనక్కా."

తాతలనాటి నుంచి మా కళ్లముందే తిరుగుతున్న పిట్టలవి. మేం వాటిని చూశామే గాని, అవి ఎందుకు రావడం లేదని ఒక్కసారీ అడగలేదు. బాతుల్ని కాచుకునే మనిషి తన బాతుల కోసం చూసుకున్నపాటి జాగ్రత్త, మేం మా పిల్లల కోసం చూసుకోలేదు.

ఇషాక్ ఇప్పుడు డ్రమ్ము కడిగిన నీళ్లు తిరిగి ఆ చేలోనే కొడుతున్నాడు. తోటివాళ్లు "ఏరా, నువ్వొక్కడివి మానేస్తే సముద్రం బాగుపడిపోద్దా?" అని నవ్వుతున్నారట. కాలువలో కడిగేవాళ్లు ఇంకా కడుగుతూనే ఉన్నారు. మా అత్త ఆ రోజునుంచి ఆరాధనకు తన చేత్తో ముద్ద పెట్టడం లేదు. ఎంత చెప్పినా వినదు. పిల్ల తింటుంటే దూరంగా కూర్చుని చూస్తుంది. నేను ముద్ద ముద్దకీ పిల్లను పేరు పెట్టి పిలుస్తున్నాను. తిరిగితేనే రెండోది పెడుతున్నాను. ఇది ఎన్నాళ్లకు పోతుందో తెలియదు.

చదివే మీరు ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. పిట్టలు దిగడం మానేసిన నీళ్లు మనుషులకూ పనికిరావు. మీ పొలం కాలువకు ఎగువన ఉంటే ఆ కాలువ ఎంత దూరం పోతుందో ఒక్కసారి గట్టెంబడి నడిచి చూడండి. ఆఖరున ఎవరివో నాలుగు ఇళ్లుంటాయి. ఏ పేపరూ చదవని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. కాలువలో దొరికిందే వాళ్లకు కూర. దయచేసి ఈ వారంలోనే వెళ్లి, వాళ్లు బాగున్నారో లేదో చూసి రండి.