తాళ్ళ కార్ఖానాలో నీలిగీత

…కానీ బుడగ అబద్ధం చెప్పదు కదా. గాజు గొట్టంలో, రెండు నల్లగీతల మధ్య, పెత్తనం చేసే అత్తగారిలా నట్టనడుమ కదలకుండా కూర్చుంది. రసమట్టం లెక్కన చిత్రం తిన్నగా ఉంది. ఆమె నిచ్చెన దిగి, పదడుగులు వెనక్కి నడిచి తలెత్తి చూసింది. చిత్రం ఎడమవైపుకు ఒరిగి ఉంది.

మళ్ళీ ఎక్కింది. బుడగ నడుమనే. దిగింది. ఒరిగే ఉంది.

ఇది అయిదోసారి.  తనకు కలుగుతున్నది భయమో సంబరమో తేలడం లేదు. రెండూ కడుపులో ఒకే చోట కాపురం ఉంటాయి, బొడ్డుకు కాస్త పైన. చిన్నప్పుడు జెయింట్ వీల్ పైకి లేచినప్పుడు కూడా అక్కడే ఏదో కదిలింది. అప్పుడు కళ్ళు మూసుకుంది. దిగాక, “బాగుందా?” అని అక్కనే అడిగింది. అక్క బాగుందంది కాబట్టి బాగుందనుకుంది.

ఇప్పుడు రెండయింది. అయిదింటికి తలుపులు తెరుస్తారు. ఈ గ్యాలరీకి ఇదే మొదటి ప్రదర్శన. ఆమె ఒంటరిగా గోడలకెక్కించిన మొదటి ప్రదర్శన కూడా ఇదే.

నూట ఎనభై ఏళ్ళ కిందట ఇక్కడ ఓడలకు తాళ్ళు పేనేవారు. అందుకే హాలు గదిలా కాక వీధిలా ఉంటుంది. పనివాళ్ళు నారను నడుముకు చుట్టుకుని, పేనుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేవారట. పొద్దుటినుంచీ ఆమె చేస్తున్నదీ అదే, చేతిలో తాడు లేదంతే. గోడ పొడవునా తలకు పైన ఒక దూలం, దానికి వరసగా ఇనుప కొక్కేలు. పాత కట్టడం కనుక కొత్తగా ఒక్క మేకు కొట్టడానికి వీల్లేదు. ఏ చిత్రమైనా ఆ కొక్కేల నుంచే తీగలతో వేలాడాలి. ఇన్నేళ్ళలో హాలు కుడివైపు, వీధి వైపు, నేలలోకి కాస్త దిగింది. నేల దిగింది, దూలం దిగింది, కిటికీలు దిగాయి. అన్నీ కలిసే దిగాయి కనుక ఎవరికీ తెలియదు.

ఈ ఒక్క చిత్రం వచ్చేదాకా. ఆరడుగుల తెల్లటి గుడ్డ, దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఒక నీలిగీత. సముద్రం అనుకుంటే సముద్రం. వంకరను దాచడానికి చెట్టూ లేదు, మనిషీ లేడు.

“ఒరిగింది తల్లీ,” అన్నాడు నిచ్చెన పట్టుకున్న వడ్రంగి. అందరికీ ఆయన బాబాయే.

“మట్టం సరిగ్గానే చూపిస్తోంది బాబాయ్.”

“మట్టానికి కళ్ళున్నాయా?”

“అయితే నువ్వే చెప్పు, కుడివైపు ఎంత దించాలి?”

“అమ్మో, నేనెందుకు చెప్తాను? ఆవిడ వచ్చి తిడితే నన్ను ముందుకు తోసి నువ్వు వెనక దాక్కుంటావు. చెక్క కొయ్యమను, కోస్తా.”

ఆవిడంటే చిత్రకారిణి. పదకొండేళ్ళ కిందట ఒక ప్రదర్శనలో తన చిత్రం వంకరగా ఉందని, జనమంతా చూస్తుండగా కొక్కెం నుంచి విప్పి, బండి ఎక్కించుకుని వెళ్ళిపోయింది. అరవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏ గ్యాలరీకీ ఒక్క చిత్రం ఇవ్వలేదు. ఈ పొడవాటి హాలును చూసి మనసు మార్చుకుంది. ఇప్పుడు మళ్ళీ విప్పుకుని వెళ్ళిపోతే అయిదు గంటలకు తలుపులు తెరిచేసరికి ఈ గోడ ఖాళీగా ఉంటుంది.

గ్యాలరీ పెట్టిన ముగ్గురు స్నేహితుల్లో పెద్దావిడ, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, చెవి దగ్గర ఫోను, చేతిలో ఆహ్వానితుల జాబితాతో అటుగా పరుగెత్తింది.

“పెద్దక్కా, ఒక్కసారి ఇటు చూసి చెప్పండి—”

“నీ గోడ, నీ ఇష్టం!” అంటూ పెద్దక్క మెట్లెక్కేసింది.

నీ ఇష్టం. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె కొలిచి చెప్పే పనిముట్టు కోసం వెతుక్కుంటుంది. అందుకే జీవితంలో ఎక్కువ భాగం పనిముట్లున్న చోటే గడిపింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పదకొండేళ్ళు. దుకాణం మూతపడ్డాక ఇక్కడ మూడు నెలలుగా, ఇంకా ఉద్యోగం ఖాయం కాకుండానే.

ఫోను మోగింది. అక్క.

“ఏమే, అయిందా నీ మేకులు కొట్టడం?”

“ఇక్కడ మేకులు కొట్టకూడదక్కా. కొక్కేలకి తగిలిస్తాం.”

“తగిలిస్తే జీతమిస్తారంటే మీ బావ ఇంకా నమ్మట్లేదు. ఆయన ఇంట్లో చొక్కా కూడా తగిలించరు. అయిదింటికి అందరం వచ్చేస్తున్నాం. పిల్లలు గంతులేస్తున్నారు.”

“అక్కా, ఒకటి చెప్పు. బొమ్మ మట్టానికి సరిగ్గా ఉంది, కంటికి వంకరగా ఉంది. దేన్ని నమ్మాలి?”

“ఫోన్లో నాకేం కనిపిస్తుందే? మట్టం ప్రకారం ఉంచెయ్. ఎవరైనా అడిగితే మట్టం చూపించు. నీ మీదికి రాదు.”

నీ మీదికి రాదు. ఎంత హాయిగా ఉంది ఆ మాట! చదువు, దుకాణం, ఇంటి గోడకు వేసే రంగు, అన్నీ ఆ మాట నీడలోనే జరిగిపోయాయి. ఆమె మీదికి ఎప్పుడూ ఏదీ రాలేదు. తలచుకుంటే, మంచి కూడా రాలేదు. ఫోను పెట్టేసింది. బొడ్డుకు పైన ఆ కదలిక ఆగలేదు, పెరిగింది. ఈసారి దాన్ని భయం అనబుద్ధి కాలేదు.

మూడున్నరకే చిత్రకారిణి వచ్చేసింది. డెబ్బై దాటిన మనిషి. సన్నటి లోహపు ఫ్రేము కళ్ళజోడు, చంకలో కూరల సంచి. హాలు ఆ చివర నిలబడి చూసింది. తల ఒకసారి అటు వంచింది, ఒకసారి ఇటు. బాబాయి నిచ్చెన చాటుకు జరిగాడు.

“ఎవరు తగిలించారు?”

“నేనేనండి. మట్టం పెట్టి చూశాను.”

“మట్టం సంగతి నేనడగలేదమ్మా.”

ఆవిడ సంచి కింద పెట్టింది. చేతులు ఖాళీ చేసుకుంటోంది. ఎందుకో తెలుస్తూనే ఉంది. ఆమె ఏదో ఒకటి చెప్పాలని దగ్గరికి వెళ్ళింది. వెళ్ళాక చెప్పాలనుకున్నది మరిచిపోయింది. ఎందుకంటే ఆవిడ కళ్ళజోడు కుడివైపు ఒక బియ్యపు గింజంత కిందికి జారి ఉంది. వేళ్ళు దురద పెట్టాయి.

“మీ కళ్ళజోడు ఒక్కసారి ఇస్తారా?”

“ఎందుకు? లోపం నా కళ్ళలో ఉందంటావా?”

“కళ్ళు కాదండి, చెవులు.”

“చెవులా!”

“కుడి చెవి కొంచెం కిందికి ఉందండి. అందరికీ అంతే, ఎవరి రెండు చెవులూ సమానంగా ఉండవు.”

కళ్ళజోడు అందుకుని, చెవి మీద ఆనే కుడి కాడను బొటనవేలితో కిందికి వంచింది. ఎంత వంచాలని ఎవరినీ అడగలేదు. ఆవిడ ముఖం ఒకసారి చూసింది, మరి కాస్త వంచింది. ఇప్పుడు బల్ల మీద పెడితే ఆ కళ్ళజోడు ఒంటికాలి మీద నిలబడుతుంది. ముఖం మీద తిన్నగా కూర్చుంది.

“అరె!” చిత్రకారిణి ముక్కు తడుముకుంది. “నాలుగేళ్ళుగా జారుతోంది. తప్పు నా ముక్కుదేమో అనుకున్నా.”

బాబాయి ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.

ఆమె నవ్వలేదు. తన బొటనవేలి వైపు చూసుకుంటోంది. పదకొండేళ్ళు రోజుకు పాతిక ముఖాలు. బల్ల మీద తిన్నగా ఉన్న కళ్ళజోడును ఒక్కరికీ అలాగే ఇచ్చి పంపలేదు. మరి పొద్దుటినుంచీ చేస్తున్నదేమిటి? తల తిప్పి హాలును ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. దూలం కనుబొమలా ఉంది, కుడివైపు కాస్త వాలి. నూట ఎనభై ఏళ్ళ వయసుకు ఆ మాత్రం వాలదా! ఉన్నట్టుండి ఆ గోడ మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. పరుగెత్తాలనిపించింది. నిజంగానే పరుగెత్తింది.

“నిదానం తల్లీ, నిచ్చెన పట్టుకోనీ!”

పైకెక్కింది. చిత్రం అంచు మీద రసమట్టం ఇంకా అలాగే ఉంది, బుడగ నట్టనడుమ. దాన్ని తీసి కిందికి అందించింది.

“దీన్నేం చేసుకోను?” అన్నాడు బాబాయి.

“జేబులో పెట్టుకో.”

వెనక చిత్రకారిణి అడుగుల చప్పుడు ఆగింది. ఆవిడ ముఖంలో ఏముందో చూడాలని మెడ దానంతటదే తిరగబోయింది. తిరగనివ్వలేదు. కుడివైపు తీగను పట్టి ఉంచే మర చల్లగా, గట్టిగా వేళ్ళకు తగిలింది. ఒక కన్ను మూసి దూలాన్ని, నీలిగీతను కలిపి చూసింది. మరను ఒక చుట్టు వదులు చేసింది.