అరగదీసిన ముద్ర

చినబాబుకి ఈ వయసులో ఎవరో తగులుకున్నారని, పొద్దున్నే కుళాయి దగ్గర ఫోను చూసుకుంటూ తనలో తనే గొడవపడుతున్నాడని పక్కింటి భాగ్యరేఖ పాలబూత్ దగ్గర చెప్పిందట. విన్నవాళ్ళు విని ఊరుకోకుండా ఆ మాటను దుర్గాదేవి చెవిన వేశారు. దుర్గాదేవి క్యారియర్‌లో వంకాయ కూర సర్దుతూ, గడప మీద కూర్చుని సేఫ్టీ బూట్ల తాళ్ళు బిగించుకుంటున్న మొగుడికి దాన్ని అందించింది.

"ఆ మనిషి పేరు అనిరుధ్ అని సెప్పలేకపోనావా?" అన్నాడు చినబాబు.

"భాగ్యరేఖకే సెప్పేను. మగోడితో అయితే మరీ అన్నాయం అంది."

చినబాబు లేచాడు. క్యారియర్‌ని సైకిలు హ్యాండిల్‌కి తగిలించి, ఖుర్సీపార్ గల్లీలో మురుగుకాలువ పక్కనుంచి తొక్కుకుంటూ ఉక్కు ఫ్యాక్టరీలో ఆరు గంటల షిఫ్టుకి పోయాడు.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలు. ముప్ఫై మూడేళ్ళుగా కొలిమి ఇటుకల మధ్య బతికాడు. కరిగిన ఉక్కును మోసే లాడిల్‌లోకి దిగి, లోపలి గోడకి చుట్టూ సందు లేకుండా ఇటుకలు పేర్చడం అతని పని. ఆ దుమ్ము కనుబొమ్మల్లో స్థిరపడిపోయింది. ఎంత రుద్దినా పోదు. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. రెండిటుకల మధ్య పడి ఎప్పుడో నలిగిపోయింది. ఫోనులో కుడి చూపుడువేలు ఒక్కదానితో, కోడి గింజలు ఏరుకున్నట్టు, ఒక్కో అక్షరం కొడతాడు.

అలా కొట్టే అతను రెండేళ్ళుగా తెలుగు అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో రాస్తున్నాడు. జీతం లేని కొలువది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా కొట్టేయొచ్చు. ఎండుచేపల గురించి రాశాడు, లాడిల్ గురించి రాశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తన అమ్మ గురించి రాసినప్పుడే వచ్చింది గొడవ.

ఖుర్సీపార్‌లో శ్రామిక పఠనాలయం అని ఒక గది ఉండేది. చినబాబు అక్షరాలు దిద్దింది అందులోనే. నిరుడు రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని పడగొట్టారు. గార ఊడి లోపలి గోడ బయటపడిన రోజున చినబాబు షిఫ్టు నుంచి వస్తూ సైకిలు దిగి నిలబడిపోయాడు. అవి మామూలు ఎర్ర ఇటుకలు కావు. పసుపురంగు కొలిమి ఇటుకలు. ప్రతి కొలిమి ఇటుక మీదా తయారుచేసినవాళ్ళ ముద్ర లోతుగా పడి ఉంటుంది. వీటి మీద అది లేదు. ఉండాల్సిన చోట నున్నగా గుంటపడి ఉంది. ఆ గుంటలో వేలు పెట్టగానే అతని చెవిలో ఒక చప్పుడు లేచింది. నాలుగైదేళ్ళ వయసులో విన్న చప్పుడు. పొద్దువాలే వేళ కుళాయి గట్టు మీద అమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు వరసగా కూర్చుని గరగర, గరగర అరగదీసే చప్పుడు. ఒక్క ఇటుకను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ ఆడవాళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనిలో తట్టలు మోసిన రేజాలు. శ్రీకాకుళం పల్లెల నుంచి మొగుళ్ళ వెంట ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్ళు. అంచు విరిగి పక్కన పారేసిన ఇటుకల్లోంచి రోజుకి మనిషికొకటి, బుట్టలో అన్నంగిన్నె కింద పెట్టుకుని, కాపలావాడి ముందునుంచే నడిచి వచ్చేవాళ్ళు. దొరికితే పని పోతుంది. అందుకే ముద్ర అరగదీశారు. పదకొండుమంది. రెండేళ్ళు. పిల్లలకి చదువుకునే గది లేచింది.

ఇదే రాశాడు చినబాబు, పదకొండు పేర్లతో. మొదటి పేరు అప్పలనరసమ్మ. అతని తల్లి. వేలిముద్ర వేసిన మనిషి. పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మర్నాడు ఆ పేర్లు లేవు. వాటిచోట, "స్థానిక దాతల సహకారంతో నిర్మించబడింది" అని ఉంది. ఎప్పుడో ఒక సంఘంవాళ్ళు వేసిన సావనీరు, నలభై రెండో పేజీ అని మూలం కూడా చూపించారు. మార్చింది అనిరుధ్ అనే తోటి రచయిత. ఎక్కడివాడో, ఏ వయసువాడో తెలియదు. చినబాబు తిరిగి రాశాడు. అనిరుధ్ తిరిగి తీశాడు. తొమ్మిదిసార్లు. చివరికి ఇటుక ఫొటో పెట్టాడు చినబాబు.

"ఇటుకను చూసి మనమే ఒక నిర్ణయానికి రావడం స్వంత పరిశోధన అవుతుంది, ఇక్కడ చెల్లదు. గమనించగలరు" అని వచ్చింది జవాబు.

ఈరోజు తొమ్మిదిన్నరకి, క్యాంటీన్‌లో టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిచేసరికి ఇంకొకటి ఉంది. "చినబాబు గారూ, మీ శ్రమ పట్ల గౌరవం ఉంది. అచ్చయిన ఆధారం ఏదైనా ఉంటే ఈ సాయంత్రంలోగా చూపగలరు. లేనిచో చర్చ ముగించి పేర్లు తొలగించవలసి ఉంటుంది."

బూతులు తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. గారూ అన్నవాణ్ణి ఏం చెయ్యాలో చినబాబుకి తోచలేదు. టీ చల్లారేదాకా కొట్టాడు: "రేపు పేపర్లో వస్తుంది. ఒక్క రోజు ఆగండి."

"సరే. రేపటి వరకు" అన్నాడు అనిరుధ్.

పేపరు మాట ఉత్తదేం కాదు. హిందీ పేపర్లో రాసే రమాకాంత్ నాలుగింటికి వస్తానన్నాడు. పదకొండుమందిలో మిగిలిన ఒకే ఒక్క మనిషి, తులసమ్మ, తన నోటితో చెబితే వేస్తానన్నాడు. ఆమెను ఒప్పించడానికి చినబాబుకి ఏడాది పట్టింది.

రెండింటికి షిఫ్టు దిగి, ఇంట్లో రెండు ముద్దలు తిని, ఇటుకను సంచిలో పెట్టుకుని పక్క గల్లీకి నడిచాడు. తులసమ్మ నులకమంచం మీద గోడకి ఆనుకుని ఉంది. ఎనభై దాటిన మనిషి. నడినెత్తిన వెంట్రుక లేదు. తట్ట కింద చుట్టకుదురు ఒరుసుకున్నంత మేరా గుండ్రంగా నున్నబడిపోయింది.

"వచ్చినావేటిరా గుంటడా. పేపరోడేడీ?"

"వత్తన్నాడత్తా."

"ఏటి రాత్తాడు? దొంగముండలని రాత్తాడా?"

"అలాగెందుకు రాత్తాడత్తా."

"ఏడాదినుంచి నీకదే సెప్తన్నాను. సేతులు బొబ్బలెక్కీలాగ మేం సెరిపినదాన్ని, నువ్వు మల్లీ రాత్తానంటే ఎలాగ?" ఆమె ఇటుకను ఒళ్ళోకి తీసుకుంది. గుంటలో బొటనవేలు పెట్టింది. అది సరిగ్గా పట్టింది. "ఇది మీ అమ్మది కాదు. అది ఒక పక్కకే రుద్దీది, బద్ధకపు మనిషి. ఇది నాదో, మాతోటి పైడితల్లిదో."

"మరి ఇప్పుడెందుకు ఒప్పుకున్నావు?"

"దాతలు కట్టీసినారని పుస్తకంలో ఏసినారని సెప్పినావు కదా. ఎవుడా దాత? ఆడి నెత్తి సూపించమను."

చినబాబు ఫోను మోగింది. రమాకాంత్. "భయ్యా, ఇక్కడ మీటింగ్ అవ్వలేదు. ఆరుకి పక్కా వస్తా."

"అయితే కూసింత నడుం వాలుత్తాను" అంది తులసమ్మ. "ఆడొచ్చినప్పుడు లేపు." ఇటుకను మంచం కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.  చినబాబు స్నానం చేసి వద్దామని ఇంటికి వెళ్ళాడు.

తల తుడుచుకుంటుండగా తులసమ్మ మనవడు మనోజ్‌కుమార్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. "మామా, చాయ్ ఇచ్చినాను. దాదీ లేవటం లేదు" అన్నాడు.

చినబాబు తువ్వాలుతోనే పరుగెత్తాడు. ఆమె గోడవైపు తిరిగే ఉంది. టీ మీద మీగడ కట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

ఆడవాళ్ళు వచ్చి శవాన్ని చాప మీదికి దింపారు. దుర్గాదేవి తలవైపు దీపం పెడుతూ, నేల ఎగుడుదిగుడుగా ఉందని మంచం కిందనుంచి చేతికందిన ఇటుకను దీపం అడుగున పెట్టింది. చినబాబు వాకిట్లో గోడకి ఆనుకుని, ఎందుకో తనకే తెలియకుండా, ఫోను తీసి కొట్టాడు: "చెప్పగలిగిన చివరి మనిషి ఈ సాయంత్రం పోయింది."

జవాబు వెంటనే వచ్చింది. "వారి మృతికి నా సంతాపం. మరణవార్త ఏదైనా పత్రికలో వస్తే లంకె ఇవ్వగలరు."

ఆరు దాటాక రమాకాంత్ మోటారుసైకిలు ఆపాడు. చాపను చూసి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. చినబాబు అతన్ని పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, బుట్ట దగ్గర్నుంచి కుళాయి గట్టు దాకా గబగబా చెప్పుకొచ్చాడు. మనోజ్ విన్నాడు.

"మామా, ఈరోజు చోరీ మాట వద్దు. దాదీ ఇంకా ఇంట్లోనే ఉంది" అని రెండు చేతులూ జోడించాడు.

 రమాకాంత్ అటూ ఇటూ చూశాడు. "పోనీ ఆ పదకొండుమందిలో ఇంకెవరైనా ఉన్నారా, భయ్యా? చూసినవాళ్ళు?"

"ఎవులూ నేరు."

"కాగితం ముక్క? ఫొటో?"

చినబాబు దీపం వైపు చూపించాడు. రమాకాంత్ వెళ్ళి, చాప పక్కన మోకాళ్ళ మీద వంగి, ఫోను లైటు వేసి ఇటుకకి నాలుగు పక్కలా చూశాడు. నూనె కారి, నున్నటి గుంటలో చేరి మెరుస్తోంది. ఆడవాళ్ళు ఏడుపు ఆపి అతన్నే చూస్తున్నారు.

"దీనిమీద ఏమీ రాసి లేదు కదా" అన్నాడు రమాకాంత్.