మోకాలి పైన కట్టిన పట్టీ

నేను ఒక మేకతోలు పట్టీని. రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడుగు. నలుగురిలో నేను సాగిపోయానని చెప్పి చేతులు దులుపుకున్న వైద్యుడు సింగరాచార్యులంటే నాకు ఈనాటికీ మంటే. నేను సాగలేదు. ఆ రోజు నా పని నేను సరిగ్గానే చేశాను. మనిషి ప్రాణం పోయింది అందుకే.

ఊళ్లో క్షౌరం చేసే పైడయ్య నన్ను తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, ఆముదం రాసి, తన పొదిలో కత్తుల పక్కన పెట్టుకున్నాడు. తల దిమ్మెక్కినా, ఒళ్లు బరువెక్కినా రక్తం తీయించుకునే రోజులవి. ఆచార్యులు తీయమనేవాడు, పైడయ్య తీసేవాడు. రక్తం ముట్టుకుంటే ఆచార్యులకు మైల. నన్ను మోచేతికి పైన బిగిస్తే కింద నరం ఉబ్బేది. కత్తిమొన తగిలిస్తే చిమ్మేది. నన్ను విప్పితే తగ్గేది. నరంలో రక్తం కింది నుంచి పైకి పోతుందని, నేను అడ్డుపడితేనే కింద పోగవుతుందని ఇరవై ఏళ్లలో మా ఇద్దరికీ తెలిసిపోయింది. అక్షరం ముక్క రానివాళ్లం కనక అది తెలివి కింద జమ కాలేదు.

ఊరి భూములన్నీ ఏలుకునే ముఖాసాదారు జోగిరాజు పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి ఉండేవి. ఒక మధ్యాహ్నం అరుగు మీద కుర్చీలో కూర్చుని గెడ్డం గీయించుకుంటూ పిక్క గోక్కున్నాడు. నరం చిట్లింది. పైడయ్య ఆ కాలెత్తి తన భుజం మీద పెట్టుకుని, బొటనవేలితో అదిమాడు. రక్తం ఆగింది. నిజంగానే ఆగింది.

అప్పుడొచ్చాడు పక్కింటి ఆచార్యులు.

“దొరగారి కాలు శవం కాలులా ఎత్తావేంరా? దించు! కాలేయం చెరువు, నరాలు కాలువలు. పైన గట్టు వేస్తే కిందికి చుక్క రాదు. ఏదీ నీ పట్టీ?”

“వద్దు బాబూ, కట్టకండి! నెత్తురు రావాలంటేనే నాను పైన కడతాను.”

“విన్నారా? గెడ్డం గీసేవాడు నాకు శాస్త్రం చెబుతున్నాడు.”

అరుగు చుట్టూ మూగినవాళ్లందరూ నవ్వారు. జోగిరాజు కూడా నవ్వాడు. నవ్వడానికి సరిపడా నెత్తురు ఆయనలో ఇంకా ఉంది.

ఆచార్యులు కాలు దింపించి, పొదిలోంచి నన్ను లాగి మోకాలి పైన కట్టాడు. “మెల్లగానయ్యా, నొప్పి!” అన్నాడు జోగిరాజు. మెల్లగానే కట్టాడు. పైనుంచి లోలోపల వచ్చే రక్తాన్ని ఆపేంత బిగువు కాదు, నరంలో తిరిగి పైకి పోయేదాన్ని ఆపేంత. కింద ధార రెండింతలయింది.

“ఇప్పీండి బాబూ, మీకు దణ్ణం!” అంటూ పైడయ్య నా ముడి మీద చెయ్యి వేశాడు. జోగిరాజు కొడుకు ఆ చేతి మీద బెత్తంతో కొట్టి, పైడయ్యను స్తంభానికి కట్టించాడు. గెడ్డానికి తెచ్చిన ఇత్తడి గిన్నె నిండింది. పొద్దు వాలకముందే జోగిరాజు పోయాడు.

“నా కట్టులో లోపం లేదు. పట్టీ పాతది, సాగిపోయింది” అన్నాడు ఆచార్యులు.

“క్షౌరానికని పైడయ్యకిచ్చిన మాన్యం భూమి లాగేయండి” అన్నాడు కొడుకు.

ఆచార్యులు నన్ను విప్పి ఇంటికి పట్టుకెళ్లాడు. తలుపు వేసుకుని తన చేతికే కట్టుకున్నాడు. ఉబ్బిన నరాన్ని ఒక వేలితో కింద అదిమి, ఇంకో వేలితో పైకి నిమిరాడు. నరం ఖాళీ అయింది. పైనుంచి చుక్క దిగలేదు. కింది వేలు తీయగానే నిండిపోయింది. మళ్లీ చేశాడు. పదిసార్లు చేశాడు. నా కింద ఆయన నాడి దడదడలాడింది.

నాలుగో రోజు పైడయ్య గుమ్మం బయట నిలబడ్డాడు. బెత్తం దెబ్బకు వేళ్లు వంకర తిరిగాయి, ఇక కత్తి పట్టలేవు.

“పట్టీ తప్పు కాదని మీరొక్క మాట సెప్పండి బాబూ. బూమి ఇచ్చేత్తారు. పిల్లలున్నోణ్ని.”

ఆ పూట కూడా నేను ఆయన చేతికే ఉన్నాను. ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు.

“నీ పట్టీ సాగిందిరా” అన్నాడు. “పో.”

ఆ తరవాత ఎవరికి నరం చిట్లినా ఆచార్యులు కాలెత్తించి వేలితో అదిమించేవాడు. తానే కనిపెట్టానని శిష్యులకు చెప్పేవాడు. ఇప్పుడు నేను మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద చీటీ: ‘రక్తం నడక తెలుసుకున్న సింగరాచార్యుల వారి పట్టీ’. ఒక మాస్టారు చీటీ చదివి, ఇంగ్లండు సీమలో ఒక డాక్టరు ఇలాగే చేతికి కట్టు కట్టి చూపించి ఆచార్యుల నాటికే రెండొందల ఏళ్లయిందని పిల్లలకు చెప్పాడు. పిల్లలు ఆవలించారు.

చీటీలో పైడయ్య పేరు లేదు. అందుకని నేనే చెబుతున్నాను. ఆయనకు పోయింది గెడ్డ వాగు ఒడ్డు పల్లపు మాన్యం, ఎకరం డెబ్బై మూడు సెంట్లు.