నాలుగు మిల్లీమీటర్లు

చిన్న కోడలు మూడేళ్లుగా ఒకే ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. ఆ మాట ఆమె బావగారి నోటి నుంచి రావాలి, ప్రొఫెసరు గారి చెవిన పడాలి. ఆ కాలిపర్ అరగదీసింది నేనే అని ఆయన తనంతట తాను ఒప్పుకోవాలి. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు. అంతకు తక్కువైతే ఊరుకునేదీ లేదు.

పాత కార్లకు కొత్త బ్రేకులు వెయ్యడం ఆమె బావగారూ, భర్తా ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి చేసే పని. వెనకటి కార్లకు డ్రమ్ బ్రేకులుండేవి. పల్లంలో దిగుతూ నాలుగుసార్లు తొక్కితే వేడెక్కిపోయి, ఆ తర్వాత కాలు ఎంత అదిమినా బండి తన దారిన తాను పోతుంది. వాటిని పీకేసి డిస్క్ బ్రేకులు వేస్తే ప్రాణానికి నిశ్చింత. చిక్కల్లా ఒక్కటే. డిస్కును రెండు పక్కలా పట్టి నొక్కే ఇనుప పంజాని కాలిపర్ అంటారు. అది లావుగా ఉంటుంది, పాత చక్రాలేమో చిన్నవి. కాస్త పెద్ద చక్రాలు వేసుకుంటే గొడవే ఉండదు. కానీ ఆ మాట పాత కారున్న మనిషితో అని చూడండి. పెళ్లికూతురి మొహం మార్చేద్దామని మీరన్నట్టు చూస్తాడు. కారుతో పాటు పుట్టిన చక్రాలే ఉండాలి, వాటి లోపలే కొత్త బ్రేకు ఇమడాలి. ఇమిడించడంలోనే ఉంది పనితనమంతా.

ఇమిడిందో లేదో చూడడానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అది చిన్న కోడలు కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లోంచి తెచ్చి పెట్టింది. గోధుమపిండి గట్టిగా కలిపి, ముద్దని కాలిపర్ వీపు మీద అతికించి, పైన నూనె రాసి, చక్రం బిగించి, చేత్తో ఒక్క చుట్టు తిప్పుతారు. చక్రం విప్పాక ముద్దని చాకుతో నిలువుగా కోసి, మందం ఎంత మిగిలిందో కొలుస్తారు. మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే ఆ బండికి ఆ బ్రేకు కుదరదన్నమాట. మొదట్లో బావగారు పగలబడి నవ్వి, మరదలు కార్లకు కూడా ఫలహారం పెడుతోందని ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత ఆ పద్ధతే తన షాపు గొప్పగా చెప్పుకున్నాడు.

ఆ ఊళ్లో మెకానిక్కులు బావగారిని అద్దం మేస్త్రి అంటారు. ఆయన గ్రైండరు పట్టి అరగదీసిన ఇనుములో మొహం చూసుకోవచ్చని అలా పేరు పెట్టారు. ఆ గ్రైండరుని ఆయన బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. తమ్ముణ్ణి కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

మూడేళ్ల కిందట ప్రొఫెసరు గారి తెల్ల కారు వచ్చింది. పిండి కోస్తే ఒకటిన్నర మిల్లీమీటరు వచ్చింది. తమ్ముడు కుదరదన్నాడు. చిన్న డిస్కు తెప్పించాలి, మూడు వారాలు పడుతుందన్నాడు. అన్న అప్పటికే ఆదివారం పాత కార్ల ఊరేగింపుకి కారు ఇస్తానని మాటిచ్చేశాడు. మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు బీరువా తాళం తీశాడు. కాలిపర్ వీపుని నున్నగా అరగదీసి, రంగేసి, సాయంత్రానికి కారు అప్పజెప్పేశాడు. నెల తిరక్కుండా ఒక మలుపులో ఆ పలచబడ్డ వీపు పగిలింది. కారు గోడని గుద్దింది. ప్రొఫెసరు గారి మోకాలి చిప్ప ముక్కలైంది.

ఆసుపత్రి మంచం పక్కన నిలబడి బావగారు చెప్పిన మాట ఒక్కటే. తమ్ముడు తొందరపడ్డాడండీ.

ఆ రాత్రే అత్తగారు చిన్న కొడుకుని పిలిచి ఏడ్చింది. పెద్దాడి పేరు పోతే షాపు పోతుంది, షాపు పోతే అందరం పోతాం, నువ్వు తట్టుకోగలవు నాయనా అంది. అతను తల ఊపాడు. తల ఊపడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. సరే, ఇంటి కోసం మోశాడనుకుంటే, రెండు నెలలకి అన్నగారు అతన్ని పిలిచి, ఖాతాదారులు భయపడుతున్నారురా, కొన్నాళ్లు బయట చూసుకో అన్నాడు. చిన్న కోడలికి అక్కడ కడుపు మండింది. ఆ మంట మళ్లీ చల్లారలేదు.

ఒకసారి ప్రొఫెసరు గారింటికి వెళ్లి జరిగింది చెప్పింది కూడా. ఆయన మర్యాదగా విని, మంచినీళ్లిచ్చి, ఏ భార్యయినా ఇలాగే చెబుతుందమ్మా అన్నాడు. మెట్లు దిగుతూనే ఆమెకు అర్థమైంది. తను నోరు నొప్పి పుట్టేలా చెప్పినా లాభం లేదు. చెప్పాల్సిన నోరు వేరే ఉంది.

భర్త ఊరి చివర రేకుల షెడ్డులో లారీలకు గ్రీజు పూస్తూ బతుకు వెళ్లదీశాడు. ఆమె పాలిటెక్నిక్‌లో యంత్రాల డ్రాయింగ్ చెప్పే ఉద్యోగంలో చేరింది. ఈ ఏడు పాత కార్ల సంఘం వాళ్లు కొండ దిగే యాత్ర పెట్టుకుని, బ్రేకులు తనిఖీ చెయ్యడానికి ఎవరినైనా పంపమని పాలిటెక్నిక్‌కి రాశారు. సంఘం అధ్యక్షుడు ప్రొఫెసరు గారే. పేర్ల జాబితాలో బావగారి నీలం కారుంది. అది మామగారి కారు, ఆ చక్రాలు మామగారి నాటివి. దానికి బావగారు ఈ మధ్యే డిస్క్ బ్రేకులు వేసుకున్నాడని అప్పటికే ఆమె చెవిన పడింది. స్టాఫ్ రూములో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆమే.

తనిఖీ రోజు పొద్దున్నే స్టీలు డబ్బాలో పిండి కలుపుకుని మైదానానికి వెళ్లింది. పదకొండు కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రొఫెసరు గారు చేతికర్ర ఆనించుకుని ఆమె వెంటే నడిచాడు. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు. నీలం కారు దగ్గరికొచ్చేసరికి బావగారు ఇస్త్రీ మడత నలగని తెల్ల బట్టల్లో, బానెట్ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చుట్టూ అరడజను మంది మెకానిక్కులు పోగయ్యారు.

"ఏమ్మా, బావగారి బండి కదా అని చూసీ చూడనట్టు వదిలేస్తావా, లేకపోతే పాత కోపంతో తప్పిస్తావా?" అన్నాడు, అందరికీ వినపడేలా.

పిండి ఏం చెబితే అదే రాస్తానని ఆమె నవ్వుతూనే అంది. చక్రం విప్పించింది. ముద్ద అతికించింది. మళ్లీ బిగించి, ఆయన చేతే తిప్పించింది. విప్పి, కోసి, స్కేలు పెట్టింది. నాలుగు మిల్లీమీటర్లు.

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మూడు దాటింది కదమ్మా, సంతకం పెట్టెయ్యి, ఇంకా ఆరు కార్లున్నాయి అన్నాడు ప్రొఫెసరు గారు.

ఆమె స్కేలు వంకే చూస్తూ ఉండిపోయింది. మామగారి చక్రమూ ప్రొఫెసరు గారి చక్రమూ ఒకే కొలత. కాలిపర్ కూడా అదే రకం. ఆ రెండూ జతకడితే ఒకటిన్నర మిగలాలి. దాని డ్రాయింగు ఆమె కళ్లు మూసుకుని గీయగలదు. నాలుగు వచ్చిందంటే రెండున్నర మిల్లీమీటర్ల ఇనుము ఎక్కడికి పోయిందో చెప్పడానికి చదువక్కర్లేదు. ఈ మనిషి మారలేదు. ఒకడి మోకాలు, ఒకడి బతుకు పోయినా మారలేదు.

కుదరదని రాస్తే, చూశారా, పగ తీర్చుకుంటోందంటాడు. అందరూ నమ్ముతారు. పోనీ సంతకం పెడితే? కొండ దారి, మూడో మలుపు, గోడ. ఆ దృశ్యం ఒక్క క్షణం ఆమె కళ్ల ముందు ఆగింది. అది ఆమెకు చేదుగా అనిపించలేదు. అనిపించనందుకు తన మీద తనకే భయం వేసింది. అయినా గోడని గుద్దినవాడు ఏమీ ఒప్పుకోడు. ఆమెకు కావలసింది ఆయన ఎముకలు కాదు.

వంగి, కాలిపర్ వీపు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసి చూసింది. రంగు కింద ఇనుము గాజులా జారింది.

"ఎంత నునుపు బావగారూ," అంది. "ఇది బయట చేయించారా?"

బయట ఎవడికొచ్చమ్మా ఈ పని అన్నాడాయన. గొంతులో అప్పుడే తీపి దిగింది. ఆమె ఇంకొంచెం వంగి, అటూ ఇటూ చూసి, కొలత తెలియకపోతే ఫ్యాక్టరీలోంచి ఇలాగే వచ్చిందనుకుంటారని మెచ్చుకుంది. ఆయన బానెట్ మీంచి మోచెయ్యి తీసి దగ్గరికొచ్చాడు. అరగదీశాక మూడు రకాల రాపిడి కాగితం ఎలా పట్టాలో, చివర వేలి గోరుతో ఎలా చూసుకోవాలో చెప్పసాగాడు. ఆమె శ్రద్ధగా తలూపింది. ఆ తలూపడం మొగుడి దగ్గర నేర్చుకుంది.

తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, మామూలుగా అంది. "మా ఆయన కూడా ఇంత బాగానే అరగదీసేవారు కదండీ మీ షాపులో."

అద్దం మేస్త్రి మొహంలో నిజంగానే నొప్పి కనిపించింది.

"వాడా? వాడికి గ్రైండరు పట్టుకోవడమే రాదు. నా షాపులో నేను తప్ప ఇంకొకడు కాలిపర్ అరగదీసిన పాపాన పోలేదు. మొదటి రోజు నుంచీ అంతే."

ఆమె లేచి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. చేతికర్ర నేల మీద కదిలిన చప్పుడు వినిపించింది.

"నాది కూడా మీరేనా?" అన్నాడు ప్రొఫెసరు గారు.

బావగారు నోరు తెరిచాడు. తను ఏమన్నాడో, ఎవరి ముందు అన్నాడో అప్పటికి తెలిసింది. అదీ ఇదీ ఒకటి కాదండీ అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఒకటి కాదంటే తమ్ముడికి గ్రైండరు పట్టుకోవడం వచ్చనాలి. ఆ మాట, అంతమంది మెకానిక్కుల ముందు, ఆయన నోటికి రాలేదు. ఆమె ఓపిగ్గా చూసింది. మూడేళ్లు చూసింది, ఇంకో నిమిషం ఎంత.

"నేనేనండీ," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ.

ఆమె కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. కాలిపర్ అరగదీసి ఉన్నది, బండి కదలరాదు. యజమాని సంతకం చెయ్యాల్సిన చోటు వేలితో చూపించింది. తండ్రి కారుని తాళ్లు కట్టి లాక్కెళుతుంటే ఆయన దాని వెనకాల ఎండలో నడిచి వెళ్లాడు. ఆమె మిగిలిన కార్లన్నీ తనిఖీ చేసింది. ఒక్క కొలత కూడా తడబడలేదు. ఇంటికెళ్లి కడుపునిండా తిని, పట్టపగలే గాఢంగా నిద్రపోయింది.

సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను అంతా విని, నాన్న కారు జాగ్రత్తగా లాక్కెళ్లారా అని మాత్రం అడిగాడు. ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడు అత్తగారు ఫోను చేసి, ఇంటి పరువు మైదానంలో పెట్టావు, ఇప్పటికైనా నీ మనసు చల్లబడిందా అంది. చల్లబడలేదనే చెప్పింది ఆమె. మీ పెద్దబ్బాయి పరాయివాళ్ల ముందు నోరు జారి బయటపడ్డాడు, తమ్ముడి ముందు తెలిసి తెలిసి చెప్పాలి, అది కూడా మీ ఇంట్లో కాదు, మా షెడ్డులో అంది. చివరికి అత్తగారు, పంపిస్తాలే అంది.

నాలుగో రోజుకి, గోడని గుద్దిన నాటి నుంచీ మూలపడి ఉన్న ప్రొఫెసరు గారి తెల్ల కారు షెడ్డుకి వచ్చింది. ఆయనే దగ్గరుండి తోయించుకొచ్చాడు. తన కర్ర వంక, ఆమె మొగుడి చేతుల వంక చూసి, చెప్పలేక చెప్పలేక, మీరే చెయ్యాలి బాబూ అని వెళ్లిపోయాడు. మొగుడు ఆ పొద్దుటి నుంచీ కారు కింద వెల్లకిలా పడుకుని, ఎవరు పిలిచినా ఊఁ అనడమే తప్ప బయటికి రావడం లేదు. మూడేళ్ల తర్వాత అతని చేతికొచ్చిన మొదటి కారు అది.

మధ్యాహ్నం బావగారు వచ్చాడు. మళ్లీ తెల్ల బట్టలే. షెడ్డు గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, తమ్ముడేడమ్మా, పిలువు, ఒక మాట చెప్పి వెళతానన్నాడు. నేలంతా నల్లటి నూనె మడుగులు. కూర్చోడానికి ఒక్కటే కుర్చీ, అందులో ఆమె ఉంది. ఆమె లేవలేదు.

కారు కింద పానా చప్పుడు ఆగింది. మొగుడి కాళ్లు కదిలాయి, లోపల్నుంచి బయటికి జరగబోతున్నాడు. ఆమె చెప్పు కొనతో ఆ కాలిని తాకి, అక్కడే ఆపింది.

"ఆయన పనిలో ఉన్నారు బావగారూ," అంది. "వంగి చెప్పండి."

ఆయన ఒకసారి ఆమె వంక, ఒకసారి నేల వంక చూశాడు. ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని రోడ్డు వంక కూడా చూశాడు. తర్వాత ప్యాంటు పైకి లాక్కుని, ఒక మోకాలు నూనెలో ఆనించాడు. తల కారు కిందికి పోలేదు. రెండో మోకాలు కూడా ఆనించాడు.