తోబుట్టువులకు పెళ్లి చేసిన కీ

ఆ పరీక్ష ఎంత గట్టిదంటే, సాక్షాత్తూ ఇంగ్లీషు భాషే హాలు టిక్కెట్టు పట్టుకుని వచ్చి రాసినా చెమటలు కక్కుతుందే తప్ప యాభై దాటదని అనువాద విద్యార్థులు చెప్పుకునేవారు. వ్యాకరణంలో క్రియలు ముందుకీ వెనక్కీ గంతులేస్తాయి. పదజాలంలో ఒకే మాట నాలుగు వేషాలు కట్టుకొస్తుంది. చివర్న పేరా చదివి అర్థం చేసుకోమనేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

అలాంటి పరీక్షలో టైపిస్టమ్మకు యాభై ఎనిమిది వచ్చాయి. పాసవడానికి అరవై కావాలి.

ఆవిడ పద్నాలుగేళ్లుగా ఒక ఆఫీసులో ఇతరులు అనువదించిన కాగితాలు టైపు చేస్తోంది. ఈ సర్టిఫికెట్టు వస్తే అక్కడే అనువాదకురాలి కుర్చీ ఆవిడది. నెలాఖరు దాటిందా, కుర్చీ ఇంకొకరిది.

పేపరు అడిగి తీయించుకుని చూస్తే ముప్పై ఎనిమిదో ప్రశ్న మీద ఎర్ర గీత. పేరాలో ఒక పిల్ల తన ఇంటివాళ్ల గురించి చెబుతుంది. వాళ్ల నాన్నే అందరిలోకీ పెద్ద. అంకుల్ పెళ్లే చేసుకోలేదు. నాన్న తండ్రి తన పిల్లలకు వదిలివెళ్లిన కొట్టును అంకుల్, ఆంటీ కలిసి నడిపారు. ఆ ఇద్దరూ ఆ పిల్లకు ఏమవుతారో తెలుగులో రాయమన్నారు. టైపిస్టమ్మ 'బాబాయి, మేనత్త' అని రాసింది. రెండు మార్కులూ గాలికి పోయాయి.

ఆవిడ తిన్నగా పేపర్లు దిద్దిన కీ మాస్టారి గదికి వెళ్లి ఎదురుగా కూర్చుంది. జవాబుల కీలో లేనిదే ఆయన తుమ్మనైనా తుమ్మరని ప్రతీతి.

"ముప్పై ఎనిమిది ఎందుకు కొట్టేశారండీ?"

"కీలో మామయ్య, అత్తయ్య అని ఉందమ్మా. అంకుల్ అంటే మామయ్య, ఆంటీ అంటే అత్తయ్య. ఒకటో క్లాసు పిల్లాణ్ణడిగినా చెప్తాడు."

"ఆ పిల్లాడు పేరా చదవడు కదండీ! కొట్టు ఇచ్చింది నాన్నకి నాన్న. ఇచ్చింది తన పిల్లలకి. అంటే ఆ ఇద్దరూ తోబుట్టువులు."

"అయితే ఏం? మేనత్తని అత్తయ్య అనమా?"

"అంటాం. అందుకే అత్తయ్య జోలికి నేను పోవట్లేదు. మరి పక్కన మామయ్యని ఎందుకు కూర్చోబెట్టారు? అత్తయ్య పక్కన మామయ్య అంటే ఆవిడ మొగుడే కదా! పెళ్లే వద్దన్న మనిషికి పెళ్లి చేసేశారు. అదీ ఎవరితో? తోడబుట్టినదానితో!"

మాస్టారు కళ్లజోడు సవరించుకుని పేరా చదివారు. మళ్లీ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి తలుపు దగ్గరగా వేసొచ్చి గొంతు తగ్గించారు.

"నీకు కావలసింది రెండేగా? దయ మార్కులని వేసేస్తాను. కీ సంగతి మాత్రం ఎత్తకు తల్లీ. అది మారిస్తే నలభై పేపర్లూ మళ్లీ దిద్దాలి. పాసైనవాళ్లు కొందరు తప్పుతారు కూడా."

టైపిస్టమ్మ కళ్ల ముందు కుర్చీ కదిలింది. గిర్రున తిరిగే కుర్చీ, సరిగ్గా ఫ్యాను కింద. తల ఊపితే చాలు, తనదే. ఊపుదామనే అనుకుంది. కానీ 'దయ' అన్న మాట చెవిలో దూరి అరికాలి మంట నెత్తికెక్కించింది.

"దయెందుకండీ? తప్పు మీది, దయా మీదే, దండం పెట్టాల్సింది మాత్రం నేనా? రేపు ఆస్తి కాగితంలో బాబాయిని మామయ్య చేస్తే ఎవరి వాటా ఎవరి నోట్లో పడుతుందో తెలుసా? అలా జరక్కూడదనే కదా మాకీ చదువు! నాకొద్దు ఆ దయ. నా ఫెయిలు నాకిచ్చేయండి. పక్కన మీ కీ కూడా సంతకం పెట్టి ఇవ్వండి. మా ఆఫీసులో నలుగురికీ చదివి వినిపిస్తాను."

మాస్టారికి ఆ నలుగురి నవ్వూ ముందే వినబడినట్టుంది. ఎర్ర కలం తీశారు. కీలో మామయ్యను కొట్టేసి 'బాబాయి' అని రాశారు. ఆవిడ పేపరు మీద గీత కొట్టేసి, రెండు వేసి, అరవై అని చుట్టారు.

టైపిస్టమ్మ లేవలేదు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"వచ్చేశాయిగా! ఇంకా ఏంటమ్మా?"

"ఇంకా ముప్పై తొమ్మిది పేపర్లున్నాయి మాస్టారూ. కానివ్వండి."